బట్ట చెప్పే మాట: క్రొయేషియా పల్లె దుస్తుల కథ



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది నా ట్రంకుపెట్టె. అందులో రెండు జతల యూనిఫాం ఉండేది. కొలతలు తీసుకోకుండా అందరికీ ఒకేలా కుట్టించిన చొక్కాలవి. నా చొక్కా చేతులు వేళ్ళు దాటి వేలాడేవి. బజారులో నడిచి వెళుతుంటే ఎవరూ పేరు అడిగేవాళ్ళు కాదు. "హాస్టలు పిల్లోడు" అనేవాళ్ళు. నేను నోరు తెరవకముందే నా చొక్కా నా గురించి చెప్పేసేది. వార్షికోత్సవానికి వచ్చే అతిథి మెడలో టై ఉండేది. ఆ టై కూడా ఆయన గురించి ముందే చెప్పేసేది. అది దొరల వేషమని, మనకు దూరమని అనుకునేవాళ్ళం.

చాలా ఏళ్ళ తరువాత ఆ టై కథ చదివాను. అది మొదట దొరల మెడలోది కాదు. 17వ శతాబ్దంలో యూరప్‌లో జరిగిన ముప్పై ఏళ్ళ యుద్ధ కాలంలో (1618-1648) ఫ్రాన్సు తరఫున జీతానికి పోరాడిన క్రొయేషియా సిపాయిలు మెడకు రుమాలు ముడి వేసుకునేవారు. ఆ ముడి ఫ్రెంచి వాళ్ళకు నచ్చింది. రాజాస్థానం దాకా పాకింది. క్రొయేషియా వాళ్ళ పేరు మీదే ఫ్రెంచిలో టైకి "క్రావాత్" అనే పేరు వచ్చింది. 2003లో క్రొయేషియాలోని పూలా పట్టణంలో రోమన్ల కాలం నాటి రంగస్థలం చుట్టూ 808 మీటర్ల ఎర్ర టై కట్టారు. 2008లో ఆ దేశ పార్లమెంటు అక్టోబరు 18ని టై దినంగా ప్రకటించింది.

సిపాయి మెడలోని రుమాలు దొర మెడలోని టై అయిందని తెలిసాక ఆ దేశపు బట్టల గురించి మరింత తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

చిన్న దేశం, మూడు నేలలు

క్రొయేషియా ఆగ్నేయ యూరప్‌లో, ఆడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉంది. ఇటలీకి ఎదురుగా అన్నమాట. రాజధాని జాగ్రెబ్. 1991లో యుగోస్లావియా నుంచి విడిపోయి స్వతంత్ర దేశమైంది. విస్తీర్ణంలో మన తెలంగాణలో దాదాపు సగం. 2021 లెక్కల ప్రకారం జనాభా 39 లక్షల లోపే. 2011 లెక్కల్లో మన హైదరాబాద్ జిల్లా ఒక్కదానిలోనే దాదాపు అంతమంది ఉన్నారు.

ఇంత చిన్న దేశంలో ఊరు ఊరికీ వేషం మారుతుంది. పండితులు వాటిని స్థూలంగా మూడు రకాలుగా విభజించారు.

మొదటిది ఉత్తరాన, తూర్పున ఉన్న మైదాన ప్రాంతం. స్లవోనియా, పొసావినా మొదలైనవి ఇందులోకి వస్తాయి. సావా, ద్రావా నదుల మధ్య పంటపొలాల నేల ఇది. ఇక్కడ నారబట్ట ఎక్కువ. తెల్లని నేత, లెక్కలేనన్ని కుచ్చిళ్ళు, వాటి మీద ఎర్రదారంతో నేసిన పూలు, గీతలు ఉంటాయి. ఆడవాళ్ళకే కాదు, మగవాళ్ళకు కూడా తెల్లటి వదులైన లాగు, చొక్కా ఉంటాయి.

రెండవది కొండ ప్రాంతం. లిక, డాల్మేషియా లోపలి భాగం ఇందులోకి వస్తాయి. రాళ్ళ నేల, చలిగాలి, గొర్రెల మందలు. అందుకే ఇక్కడ ఉన్ని బట్టలు. ముతక ఉన్నితో నేసిన కోట్లు, రంగురంగుల ముంగట కట్టుబట్ట, భుజాన నేత సంచి, కాళ్ళకు తోలు పట్టీలు అల్లిన "ఓపానాక్" అనే చెప్పులు. లిక ప్రాంతపు మగవాళ్ళ ఎర్ర టోపీకి వెనక నల్లటి కుచ్చులు వేలాడుతుంటాయి.

మూడవది సముద్రతీరం, దీవులు. ఓడల రాకపోకల వల్ల ఇక్కడికి పట్టు, పట్టణాల పోకడలు ముందుగా వచ్చాయి. పాగ్ దీవి ఆడవాళ్ళ గంజి పెట్టిన తెల్లటి తలగుడ్డ అంచుకు సూదితో అల్లిన లేసు ఉంటుంది. సుసాక్ అనే చిన్న దీవిలో మాత్రం ఆడవాళ్ళు ఒకదాని మీద ఒకటిగా పొట్టి కుచ్చుల పావడాలు, గులాబీ రంగు ఉన్ని మేజోళ్ళు వేసుకుంటారు.

దీన్నిబట్టి ఒక సంగతి అర్థమవుతుంది. అందం కోసమని ఎవరో ఒకచోట కూర్చుని గీసిన బొమ్మలు కావివి. పొలం ఏది ఇస్తే, మంద ఏది ఇస్తే, సముద్రం ఏది తెస్తే దానితో తయారైన బట్టలు.

చొక్కా వెనక ఏడాది కష్టం

మైదానంలో ఒక చొక్కా తయారు కావాలంటే ఎంత పని ఉండేదో చూడండి. వసంతంలో అవిసె లేదా జనుము లాంటి నార మొక్కను విత్తాలి. పెరిగాక వేళ్ళతో సహా పీకి కట్టలు కట్టి నీళ్ళలో నానవేయాలి. మన ఉత్తరాంధ్రలో గోగునారకు చేసే పని లాంటిదే. నీళ్ళలో కుళ్ళిన తరువాత ఎండబెట్టి, చెక్కతో విరగ్గొట్టి, ఇనుప పళ్ళ దువ్వెనతో దువ్వి నార తీయాలి. చలికాలం రాత్రుళ్ళు ఆ నారను దారంగా వడకాలి. ఆ తరువాత మగ్గం మీద నేయాలి. నేసిన బట్టను నీళ్ళలో తడిపి ఎండలో పరిచి, మళ్ళీ తడిపి తెల్లబరచాలి. ఆ తరువాతే కుట్టడం, దాని మీద పూలు కుట్టడం.

ఈ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్ళదే. అదీ పొలం పని, వంట, పిల్లలు, పశువులు అన్నీ చూసుకున్న తరువాత. చలికాలంలో ఇరుగు పొరుగు ఆడవాళ్ళు ఒక ఇంట్లో చేరి వడికేవారు. ఆ సమావేశాన్ని "ప్రెలో" అంటారు. పాటలు, కథలు, పెళ్ళి సంబంధాల మాటలు అన్నీ అక్కడే. చిన్నపిల్లలు పెద్దవాళ్ళ పక్కన కూర్చుని చూసి నేర్చుకునేవారు. ఆడపిల్ల తన పెళ్ళి పెట్టెను చిన్నప్పటి నుంచే నింపుకోవడం మొదలుపెట్టేది.

బడి ముఖం చూడని ఆడవాళ్ళు దారపు పోగులు లెక్కపెట్టి, ఎక్కడా గీత తప్పకుండా కొలతల బొమ్మలు కుట్టారు. అది లెక్కల చదువు కాక మరేమిటి? ఆ లెక్క తల్లి చేతి నుంచి కూతురి చేతికి వెళ్ళింది.

బట్టను చదవడం

క్రొయేషియా పల్లెలో బట్ట చలికి, ఎండకు మాత్రమే కాదు. అది ఒక భాష. చదవడం తెలిసినవాళ్ళకు ఆ మనిషి ఏ ఊరో, పెళ్ళయిందో లేదో, సంతోషంలో ఉందో దుఃఖంలో ఉందో చూడగానే తెలిసిపోయేది.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది తల. పెళ్ళికాని పిల్ల జడలు కనిపించేలా తిరిగేది. డాల్మేషియా కొండల్లో కన్నెపిల్లలు ఎర్ర టోపీ పెట్టుకునేవారు. పెళ్ళయిన స్త్రీ జుట్టు కప్పుకోవాలి. పెళ్ళి రాత్రి కొత్త పెళ్ళికూతురి తల మీద పూలదండ తీసేసి, పెళ్ళయినవాళ్ళ టోపీ గానీ తలగుడ్డ గానీ కట్టడం ఒక పెద్ద ఘట్టం. మైదాన ప్రాంతాల్లో ఆ టోపీని "పొచులిత్సా" అంటారు. ఆ రోజు నుంచి ఆమె వెంట్రుకలు బయటివాళ్ళకు కనిపించకూడదు.

రంగులు వయసును చెప్పేవి. పడుచువాళ్ళకు ముదురు ఎరుపు, నిండుగా పూలు. వయసు పెరిగేకొద్దీ పూలు తగ్గేవి, రంగులు సద్దుమణిగేవి. ఇక దుఃఖానికి నలుపే అనుకుంటాం కదా, యూరప్ వాళ్ళు గనుక. కానీ స్లవోనియా, పొసావినా పల్లెలు కొన్నింటిలో దుఃఖానికి గుర్తు తెలుపు. మన అమ్మమ్మల కాలంలో భర్త పోయిన స్త్రీకి తెల్లచీర కట్టించడం మనలో చాలామందికి తెలుసు. ఎక్కడి యూరప్, ఎక్కడి మన ఊరు! ఆడవాళ్ళ దుఃఖాన్ని పదిమందికీ కనిపించేలా కట్టించడంలో మాత్రం రెండు చోట్లా ఒకే అలవాటు.

ఇందులో అందం ఎంత ఉందో కట్టడి కూడా అంత ఉంది. తన వయసు, తన పెళ్ళి, తన వైధవ్యం అన్నీ ఊరికి చూపిస్తూ బతకాల్సి రావడం తేలికైన సంగతి కాదు. మగవాడి బట్టలు ఇన్ని వివరాలు చెప్పేవి కావు.

కాసుల పేర్లు, బంగారు దారం

స్లవోనియా వెళితే పండుగ బట్టల మీద బంగారు దారం మెరుస్తుంది. దీన్ని "జ్లాతోవెజ్" అంటారు, అంటే బంగారు కుట్టు. కాగితాన్ని పువ్వు ఆకారంలో కత్తిరించి బట్ట మీద పెట్టి, దాని మీదుగా బంగారు దారం పరిచి కుడతారు. మెడలో బంగారు నాణేల దండలు వరసలు వరసలుగా ఉంటాయి. ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ బొమ్మ ఉన్న నాణేలు వాటిలో ఎక్కువ. మన కాసుల పేరు గుర్తుకు రావడం లేదూ? డాల్మేషియా కొండల్లో ఇలాగే వెండి నాణేలను గుండెల మీద వేసుకునేవారు. అక్కడ సంగీతం లేకుండా ఆడే వలయ నృత్యం ఒకటి ఉంది. మూగ నృత్యమని దాని పేరు. అడుగుల చప్పుడు, నగల గలగల మాత్రమే వినిపిస్తాయి. 2011లో యునెస్కో దాన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

అయితే నాణేల దండ ఎవరికి ఎంత ఉందో ఊరంతా లెక్కపెట్టేది. భూమి ఉన్న ఇంటి పిల్ల మెడ నిండుగా ఉండేది. లేనింటి పిల్ల మెడ బోసిగా ఉండేది. పల్లె దుస్తులంటే అందరూ సమానమని కాదు. ఆ తెల్లటి నారబట్ట మీద కూడా ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అనే గీత ఉంది. మ్యూజియంలో అద్దాల వెనక కనిపించే బట్టల్లో ఎక్కువ భాగం పండుగ బట్టలే. కూలికి వెళ్ళినప్పుడు కట్టుకున్నది చిరిగేదాకా వాడతారు, దాచిపెట్టరు.

ఒంటి వెచ్చదనంతో పట్టు

దక్షిణ కొసన, దుబ్రోవ్నిక్ నగరం పక్కన కోనావ్లె అనే ప్రాంతం ఉంది. అక్కడి ఆడవాళ్ళు చొక్కా గుండె భాగం మీద, చేతుల అంచుల మీద పట్టుదారంతో కుడతారు. ఆ పట్టు కొన్నది కాదు. ఇంట్లోనే మల్బరీ ఆకు వేసి పురుగులను పెంచేవారు. గుడ్లు పొదగడానికి వెచ్చదనం కావాలి గనుక వాటిని గుడ్డలో కట్టి రొమ్ముల దగ్గర పెట్టుకుని తిరిగేవారు. తీసిన పట్టుకు మొక్కలతో రంగు వేసేవారు. ఎరుపు, నలుపు, పసుపు దారాలతో పోగులు లెక్కపెట్టి కుట్టిన ఆ గడుల బొమ్మలు చూస్తే యంత్రం వేసిందేమో అనిపిస్తుంది.

1991 అక్టోబరులో యుద్ధం వచ్చింది. యుగోస్లావియా సైన్యం కోనావ్లెను ఆక్రమించింది. జనం ఇళ్ళు వదిలి పారిపోయారు. ఇళ్ళు దోచుకున్నారు, తగలబెట్టారు. తరాలుగా పెట్టెల్లో దాచుకున్న బట్టలు, నగలు ఎన్నో పోయాయి. తిరిగి వచ్చాక ఇళ్ళు కట్టుకోవడంతోపాటు అక్కడి ఆడవాళ్ళు మరో పని చేశారు. మళ్ళీ పట్టుపురుగులు పెంచడం, పాత కుట్టు నేర్చుకోవడం, చిన్నవాళ్ళకు నేర్పడం మొదలుపెట్టారు. పోయిన చొక్కా తిరిగి రాదు. కానీ కుట్టడం తెలిసిన చేయి ఉంటే మరో చొక్కా వస్తుంది.

కోటు వాళ్ళు, నారబట్ట వాళ్ళు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ బట్టలను ఈరోజు క్రొయేషియా గర్వంగా చూపిస్తుంది. కానీ ఒకప్పుడు ఇవే బట్టలు చిన్నచూపుకు కారణమయ్యాయి.

క్రొయేషియా శతాబ్దాలపాటు హంగరీ, ఆస్ట్రియా రాజుల కింద ఉంది. రైతులు జమీందార్ల భూముల్లో వెట్టి చేశారు. 1848లో అప్పటి పాలకుడు యెలాచిచ్ వెట్టిని రద్దు చేశాడు. కాగితం మీద వెట్టి పోయినా చూపు మారలేదు. చదువుకున్న పట్టణం వాళ్ళు పొడవాటి కోటు తొడిగేవారు. రైతులు వాళ్ళను "కపుతాష్" అనేవారు, అంటే కోటువాళ్ళని. కోటువాళ్ళకేమో నారబట్ట కట్టినవాడు మొరటువాడు. మనుషులు కలుసుకోకముందే బట్టలు వాళ్ళను రెండుగా చీల్చేవి.

సావా నది ఒడ్డున త్రెబార్యెవో అనే పల్లెలో ఒక పేద రైతు కుటుంబంలో ఇద్దరు అన్నదమ్ములు పుట్టారు. అన్న ఆంటున్ రాదిచ్ (1868-1919), తమ్ముడు స్త్యెపాన్ రాదిచ్ (1871-1928). ఇద్దరూ కష్టపడి పెద్ద చదువులు చదివారు. చదివాక పుట్టిన పల్లెను మరిచిపోలేదు. ఆంటున్ 1897లో పల్లె జీవితాన్ని నమోదు చేయడానికి ఒక పెద్ద ప్రశ్నావళి తయారు చేశాడు. ఇల్లు, తిండి, బట్ట, పని, పాట, నమ్మకం అన్నీ అందులో ఉన్నాయి. ముఖ్యమైన విషయం ఏమిటంటే, పల్లెల గురించి పల్లెలవాళ్ళే, తాము మాట్లాడే మాటల్లోనే రాయాలని ఆయన కోరాడు. రైతుకు సంస్కృతి లేదనడం తప్పు, రైతుకు తనదైన సంస్కృతి ఉంది, చదువుకున్నవాడే దాన్ని తెలుసుకోలేదు అన్నది ఆయన వాదన.

1904లో అన్నదమ్ములిద్దరూ కలిసి రైతుల పార్టీ స్థాపించారు. 1925లో ఆ ఉద్యమం నుంచి "సెల్యాచ్కా స్లోగా" అనే సాంస్కృతిక సంఘం పుట్టింది. రైతుల ఐక్యత అని దాని అర్థం. 1928లో బెల్‌గ్రేడ్ పార్లమెంటులోనే స్త్యెపాన్ మీద కాల్పులు జరిగాయి. ఆ గాయంతో ఆయన ఆగస్టులో చనిపోయాడు. మరుసటి ఏడాది రాజు నియంతృత్వం ప్రకటించడంతో సంఘం పని ఆగిపోయింది. 1935లో మళ్ళీ లేచింది. అప్పుడు ఊరూరా ఉత్సవాలు జరిపారు. నియమం ఒకటే: మీ ఊరి పాట పాడండి, మీ ఊరి బట్ట కట్టుకుని రండి. అదే సంఘం పల్లెల్లో పెద్దలకు అక్షరాలు కూడా నేర్పింది. ఒక చేత్తో పలక, ఇంకో చేత్తో అమ్మ నేసిన చొక్కా. రెండూ ఆత్మగౌరవం కోసమే.

అంతకుముందు కోటువాడు చూసి నవ్విన బట్టనే ఇప్పుడు రైతు ఇష్టపడి, తలెత్తుకుని కట్టుకున్నాడు. నేత మారలేదు, రంగు మారలేదు. కట్టుకునేవాడి మనసు మారింది.

పెట్టెలోంచి వేదిక మీదికి

19వ శతాబ్దం చివర నుంచే మిల్లు బట్ట చవకగా రావడం మొదలైంది. రైళ్ళు వచ్చాయి. యువకులు పని కోసం పట్టణాలకు, అమెరికాకు వెళ్ళారు. ఇంట్లో నేసిన బట్ట క్రమంగా రోజువారీ వాడకం నుంచి తప్పుకుని పండుగ బట్టగా మిగిలింది. ఆ తరువాత పెట్టెలోకి చేరింది.

దాన్ని కాపాడిన సంస్థలు ఉన్నాయి. బట్టల వ్యాపారి సాలమోన్ బెర్గర్ సేకరణతో 1919లో జాగ్రెబ్‌లో జానపద జీవన మ్యూజియం మొదలైంది. 1949లో "లాదో" అనే జాతీయ జానపద నృత్య బృందం ఏర్పడింది. దాని దగ్గర వెయ్యికి పైగా జతల దుస్తులున్నాయి. 1966 నుంచి జాగ్రెబ్‌లో అంతర్జాతీయ జానపద ఉత్సవం, వింకోవ్‌త్సి పట్టణంలో శరదృతువు ఉత్సవాలు, 1967 నుంచి జాకొవోలో "కుట్టుపూల" ఉత్సవాలు జరుగుతున్నాయి. పాగ్, లెపోగ్లావా, హ్వార్ ఊళ్ళ లేసు అల్లికను 2009లో యునెస్కో గుర్తించింది. హ్వార్‌లో లేసు అల్లేవాళ్ళు మఠంలోని సన్యాసినులు. వాళ్ళు వాడే దారం మన కిత్తనార లాంటి మొక్క ఆకుల నుంచి తీసినది. జాగ్రెబ్‌లోని దోలాత్స్ కూరగాయల బజారులో ఎర్రటి గొడుగులు వరసగా కనిపిస్తాయి. అవి దగ్గరలోని షెస్తినె ఊరివాళ్ళ వేషంలోని గొడుగుకు గుర్తు.

ఈరోజు క్రొయేషియా యువత మనలాగే జీన్స్, టీ షర్టులే వేసుకుంటుంది. పండుగకు, పెళ్ళికి, నృత్యానికి మాత్రం అమ్మమ్మ పెట్టె తెరుస్తుంది. అందులో తప్పేమీ లేదు. రోజూ కట్టి తీరాలని ఎవరూ బలవంతం చేయకపోవడమే మంచిది.

మనకేమిటి?

"అన్నా, ఈ దూరదేశం కథ మాకెందుకు?" అని మీరు అడగవచ్చు.

మన చరిత్రలో బట్ట చాలామందికి శిక్షగా ఉండేది. ఎవరు ఏ బట్ట కట్టాలో, ఏ నగ పెట్టాలో, ఎంతవరకు కప్పుకోవాలో పైవాళ్ళు నిర్ణయించారు. 1927 డిసెంబరులో మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ ఆడవాళ్ళతో ప్రత్యేకంగా మాట్లాడారు. అంటరానివాళ్ళని గుర్తుపట్టేలా చేసే చీరకట్టు, బరువు నగలు మానేసి, అందరు స్త్రీలలాగే నిండుగా చీర కట్టుకోమని చెప్పారు. ఆయన తాను సూటు, టై వేసుకుని నిలబడ్డారు. ఈరోజు మన ఊళ్ళలోని విగ్రహాల మీద ఉన్నది ఆ సూటే.

క్రొయేషియా రైతు తన పాత బట్ట కట్టుకుని తలెత్తాడు. మనవాళ్ళు పాత గుర్తును విడిచి తలెత్తారు. రెండూ ఎదురెదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి. కానీ రెండింటిలో అడిగే ప్రశ్న ఒకటే: నా ఒంటి మీద ఏముండాలో నిర్ణయించేది ఎవరు? ఇతరులు నిర్ణయిస్తే పట్టు కూడా సంకెలే. మనం నిర్ణయించుకుంటే ముతక నార కూడా గౌరవమే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ యూనిఫాం చేతులు కాస్త పొడుగ్గా ఉండవచ్చు. దాన్ని చూసి ఎవరైనా మిమ్మల్ని ముందే చదివేశామనుకోవచ్చు. చదవనివ్వండి. ఆ చొక్కా లోపల ఉన్న మనిషిని రాయాల్సింది మీరే. వీలైతే ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మమ్మనో నాయనమ్మనో ఒక్కసారి అడగండి: మీ చిన్నప్పుడు ఏం కట్టుకునేవాళ్ళు, ఎవరు నేసేవాళ్ళు, ఏది కట్టుకోనిచ్చేవాళ్ళు కాదు అని. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే నోటుబుక్కులో రాసుకోండి. మన గురించి మనమే రాయకపోతే ఇంకెవరు రాస్తారు? వచ్చే ఏడాది సంచికలో ఆ వ్యాసం చదవాలని ఎదురుచూస్తుంటాను.

మీ అన్న,
ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి